గుండాటకు వేలంపాట పెట్టవద్దు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమ్మవారి జాతరలో గుండాట అనే పాచికల జూదం, లోనాబయటా అనే పేక జూదం ఆడించుకునే హక్కుకు వేలంపాట పెట్టి, వచ్చిన సొమ్ముతో గుడి ప్రహరీ కట్టిద్దామని ఊరి పెద్దలు అంటున్నారనీ, ఎలాగూ ఆపలేని ఆటను మన అదుపులో ఉంచుకుంటే తప్పేమిటన్న వారి ప్రశ్నకు నీకు జవాబు తోచలేదనీ రాశావు. సర్పంచిగా నీకిది తొలి జాతర కనుక నీ తటపటాయింపు నాకు అర్థమైంది. నా మాట ముందే చెబుతాను. పాట పెట్టవద్దు. ఆ సొమ్ములో ఒక్క రూపాయి కూడా పంచాయతీ లెక్కల్లోకి గానీ, గుడి లెక్కల్లోకి గానీ రానివ్వవద్దు.

అయితే వారి వాదన కొట్టిపారేయదగినది కాదు. జూదాన్ని రాజ్యంలో లేకుండా చేయాలని మనుస్మృతి అంటే, దానికొక అధ్యక్షుణ్ణి నియమించి, ఒకే చోట ఆడించి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతులు రాజుకు తీసుకోమని అర్థశాస్త్రంలో కౌటిల్యుడు రాశాడు. నిషేధం అమలు చేయలేనప్పుడు నియంత్రించడమే మార్గమని 2018లో, చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ కూడా తన 276వ నివేదికలో చెప్పింది. నిషేధం ఉన్నచోట ఆట మామిడి తోటల్లోకీ లాడ్జి గదుల్లోకీ పోతుందన్న మాట నిజమే. కోర్టు గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఆ కేసుల కాగితాలు నా చేతుల మీదుగానే నడిచాయి. పంచనామాల్లో ఎప్పుడు చూసినా అవే వస్తువులు ఉండేవి: పరిచిన దుప్పటి, పేక కట్ట, నలిగిన నోట్లు. పట్టుబడినవారు కూలీలు, ఆటోవాళ్లు. నేరం ఒప్పుకొని, అప్పు చేసి తెచ్చిన జరిమానా కట్టి వెళ్లిపోయేవారు. తోట ఇచ్చినవాడూ, ఆటకింతని వాటా గుంజినవాడూ ఆ వరుసలో అరుదుగా కనిపించేవారు. చట్టం ఎవరి చేయి పట్టుకుంటున్నదో ముందు చూడాలన్న అభిప్రాయం నాకు అక్కడే స్థిరపడింది.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తిస్తూనే, పందెపు ఆట మీద నిర్వాహకుడు లాభం తీస్తున్నట్టు రుజువైతే అది నేరం కావచ్చునని చెప్పింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఇంకా ముందుకు వెళ్లి, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆడినవారికి మాత్రం శిక్ష పెట్టలేదు. ఈ పద్ధతే నాకు సమ్మతం. అంతకు ముందు 2023 అక్టోబరు నుంచి ఆటగాడు జమ చేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేసి చూశారు. రెండేళ్లు తిరగకముందే నిషేధం దాకా రావలసి వచ్చింది. పన్ను తీసుకునే చేయి ఆటను ఆపలేదమ్మా, ఎందుకంటే ఆట పెరిగితేనే ఆ చేతికి రాబడి. ఈ ఏడు ప్రహరీ, పై ఏడు కళ్యాణమండపం అంటారు. ఆ తరువాత ఆ ఆట ఆపుదామంటే ఊరే నీకు ఎదురు తిరుగుతుంది.

గుండాటలో మోసం లేదని వారు అనవచ్చు. లేదనే అనుకుందాం. గుడ్డ మీద ఆరు బొమ్మలు, డబ్బాలో మూడు పాచికలు. నీ బొమ్మ ఒకదానిపై పడితే పందెం తిరిగిచ్చి దానిపైన ఒకంతు, రెండింటిపై పడితే రెండంతులు, మూడింటిపైనా పడితే మూడంతులు ఇస్తారనుకో. మూడు పాచికలు మొత్తం 216 విధాలుగా పడవచ్చు. వాటిలో 125 విధాలలో నీ బొమ్మ అసలు కనిపించదు. మిగిలినవాటిలో వచ్చేదంతా కలిపినా, వంద రూపాయల పందేనికి సగటున ఎనిమిది రూపాయల దాకా ఆడించేవాడికే మిగులుతుంది. అది ఒక్కసారి గిలకరించినందుకే. తెల్లవార్లూ ఎన్నిసార్లు గిలకరిస్తాడో లెక్క వేసుకో. చెన్నై నుంచీ హైదరాబాద్ నుంచీ జాతరకు వచ్చే మన పిల్లలు ఆరు నెలల కూలి డబ్బు జేబులో పెట్టుకొని వస్తారు. అది పోతే తరువాత కదిలేది భార్య పేరున ఉన్న డ్వాక్రా అప్పు. ఆ వాయిదా తప్పితే సంఘంలోని మిగతా ఆడవాళ్లంతా మాట పడాలి.

మన రాష్ట్రంలో 1974 నుంచీ గేమింగ్ చట్టం ఉంది. పాచికల ఆటకు అందులో మినహాయింపు లేదు, దానికి అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు. కాబట్టి పాట పెడితే నీ సంతకమే నీ మీదికి వస్తుంది. పెద్దలతో వాదనకు దిగకుండా ఈ సంగతి మర్యాదగా చెప్పు. ప్రహరీకి సొమ్ము కావాలంటే మిఠాయి కొట్లకూ, రంగులరాట్నానికీ స్థలాలు పాట పెట్టవచ్చు; కొట్లవారి నుంచి ఆశీలు రుసుము పక్కాగా వసూలు చేయవచ్చు; మిగిలినది ఇంటింటా చందా. గోడ రెండేళ్లు ఆలస్యమైతే అమ్మవారు కోపించదు.

జాతరకు నెల ముందే గ్రామసభ పెట్టి తీర్మానం చేయించు, డ్వాక్రా సంఘాల వారిని తప్పకుండా పిలువు. తీర్మానం నకలు జతచేసి పోలీస్ స్టేషన్‌కూ తహసీల్దారుకూ దరఖాస్తు పెట్టు. ఆడేవారిని తరమడం కాక, ఆడించేవారినీ స్థలం ఇచ్చినవారినీ పట్టుకోవాలని అందులో స్పష్టంగా రాయి. రెండు చోట్లా నకలు మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకొని పంచాయతీ ఫైలులో భద్రపరచు.

ఇట్లు,
మీ పెదనాన్న