బ్రేకు వేసినా వీల్‌చైర్ జరిగిపోతోందా? ముందు టైర్లలో గాలి చూడండి

మంచం మీద నుంచి మారేటప్పుడు బ్రేకు వేసి ఉన్నా కుర్చీ జరిగి మీ తమ్ముడు రెండుసార్లు పడ్డాడంటే, చాలావరకు కారణం టైర్లలో గాలి తగ్గడమే. ఈ బ్రేకు టైరును నొక్కి ఆపుతుంది. టైరు మెత్తబడితే పట్టు ఉండదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చాలామంది మరిచిపోయేది ఇదే.

1. బొటనవేలితో టైరును గట్టిగా నొక్కండి. లోపలికి దిగితే, టైరు మీద ముద్రించిన అంకె మేరకు సైకిల్ షాపులో గాలి కొట్టించండి. గాలి లేని గట్టి రబ్బరు టైరైతే అరుగుదల చూడండి.

2. రెండు బ్రేకులూ వేసి, ఖాళీ కుర్చీని మీరే తోసి చూడండి. ఇంకా కదిలితే బ్రేకు బిగించాలి. అంతవరకు అతణ్ణి అందులోకి మార్చకండి, దయచేసి.

3. పాదాల పలకలు పక్కకు తిప్పండి. మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉండాలి. మా నాన్నగారి కోసం మంచం కోళ్లు కోయించాం.

4. లేచి కూర్చోగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. కళ్లు తిరగడం తగ్గేదాకా ఆగండి.

కాళ్లకు స్పర్శ లేకపోతే ఎముక విరిగినా నొప్పి తెలియదు. పడ్డాక కాళ్లలో వాపు, ఎరుపు, కొత్తగా కండరాల బిగుతు కనిపిస్తే ఈరోజే ఎక్స్‌రే తీయించండి.