పింఛన్ ఆగిందా? ముందు సర్టిఫికెట్ మీద తేదీ చూడండి

ఆటిజం ఉన్న మీ బాబుకి తెలంగాణ దివ్యాంగుల పింఛన్ 4,016 రూపాయలు మూడు నెలలుగా పడట్లేదని అడిగారు. ఆధార్, బ్యాంకు ఖాతా రెండూ సరిగ్గానే ఉన్నాయంటే, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో ధ్రువీకరించే పత్రం) గడువు అయిపోయి ఉండొచ్చు.

1. సర్టిఫికెట్ బయటికి తీయండి. అందరం వైకల్యం 40 శాతం దాటిందా లేదా అని చూసి బీరువాలో పెట్టేస్తాం. అసలు చూడాల్సింది అది తాత్కాలికమా, శాశ్వతమా అన్నది. ఎదిగే పిల్లలకు తరచూ తాత్కాలికమే ఇస్తారు. గడువు దాటితే పింఛన్ ఆగిపోతుంది, ఫోన్ చేసి చెప్పేవాళ్లు ఉండరు. మా అక్క కూతురికి ఇదే జరిగింది. ఉప్పల్ నుంచి బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగాక, లామినేషన్ కింద చిన్న అక్షరాల్లో తేదీ కనిపించింది.

2. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డు (సదరం స్థానంలో ఇప్పుడు ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) రెన్యువల్‌కి పెట్టండి. వైద్య పరీక్షకు బాబును తీసుకెళ్లాలి. పాత సర్టిఫికెట్, థెరపీ రిపోర్టులు వెంట ఉంచుకోండి.

3. కొత్త కార్డు రాగానే పని అయిపోయిందనుకోకండి. పింఛన్ రికార్డులో మార్చమని, మంజూరు చేసిన ఆఫీసులో కాపీ జతచేసి అర్జీ ఇవ్వండి. రసీదు అడిగి మరీ తీసుకోండి.

శాశ్వతం అని ఉంటే మాత్రం కారణం వేరే. పింఛన్ ఐడీతో అదే ఆఫీసులో అడగండి.

బాబుకి ఆటిజం అన్నారు కాబట్టి ఇంకొక్కటి: కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా పింఛన్‌తో సంబంధం లేనిది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చులకు వస్తుంది.