నగల సందేహాలు: తలకిరీటం ఎందుకు విరిగింది?

ప్రశ్న: రెండో ఎలిజబెత్ పెళ్లినాడు ఆమె కిరీటం విరిగిందట. రాజకుటుంబపు నగ అంత తేలిగ్గా విరుగుతుందా?
- పాఠకురాలు, తెనాలి

జవాబు: విరిగింది నిజమే. 1947 నవంబరు 20 ఉదయం, తలకు అమరుస్తుండగానే. నాయనమ్మ మేరీ రాణి 1919లో లండన్ నగల సంస్థ గెరార్డ్‌తో చేయించుకున్న నగ అది. పెళ్లికూతురికి తల్లి ఆ రోజుకి పెట్టుకోమని ఇచ్చారు. వజ్రాల పుల్లల్ని వరసగా కూర్చిన ఈ నగను చట్రానికి బిగిస్తే కిరీటం, విడదీస్తే కంఠహారం. చట్రమే పుటుక్కుమంది. పోలీసుల రక్షణలో గెరార్డ్ పనిశాలకు పంపి, అతికించి తెచ్చారు. ఆనాటి ఫొటోల్లో నడిమి పుల్ల పక్కన చిన్న సందు ఇప్పటికీ కనిపిస్తుంది.

రెండు విధాలా వాడే నగ ఏదైనా రాళ్ల దగ్గర కాదు, చట్రం, కీలు, మర దగ్గరే దెబ్బతింటుంది. తలకు పట్టించాలని చేత్తో వంచితే ఒత్తిడంతా అక్కడే పడుతుంది. పతకం విడదీసే హారాలు, వంకీగా మారే చోకర్లు మీ ఇంట్లో ఉంటే పెళ్లికి పది రోజుల ముందే కంసాలికి చూపించండి. ముహూర్తం రోజు పొద్దున చూసుకుంటే సరిచేయించే వ్యవధి ఉండదు.

ప్రశ్న: ఆ పెళ్లికి మన నిజాం ఏమిచ్చారు?
- పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లండన్ కార్టియే నగల దుకాణంలో నచ్చినవి ఎంచుకోమన్నారు మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఎలిజబెత్ ఒక వజ్రాల హారం, పూల కిరీటం తీసుకున్నారు. కిరీటాన్ని 1973లో విప్పించి, ఆ వజ్రాలతో బర్మా కెంపుల కిరీటం చేయించారు. మంచి పనితనం అలా కరిగిపోవడం బాధాకరమే. హారం మాత్రం మిగిలింది. 2014లో ఎలిజబెత్ మనవడు విలియం భార్య కేట్ ధరించారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్న 173 నిజాం నగలు వేరు.

ప్రశ్న: రిసెప్షన్‌లో టియారా (తలకిరీటం) జారకుండా ఉండాలంటే?
- పాఠకురాలు, డాలస్

జవాబు: పిన్నులు ఒక్కటే చాలవు, కుట్టాలి. 2011లో కేట్ పెళ్లికి జుట్టులో సన్నని జడ అల్లి, టియారాను దానికే కుట్టారు. మీరూ నుదుటి జుట్టుకు మూడు వేళ్లు వెనకగా చెవి నుంచి చెవికి సన్న జడ వేయించుకోండి. చట్రానికి నల్ల వెల్వెట్ రిబ్బను చుట్టి, నల్లదారంతో ఐదారుచోట్ల జడకు కుట్టించి, రెండు చివర్లా పిన్నులు అడ్డంగా గుచ్చాలి. తలస్నానం ముందురోజే కానివ్వండి, అప్పుడే కడిగిన జుట్టు జారుతుంది. పాపిడిబిళ్ల కూడా పెట్టుకుంటే కొక్కెం చట్రానికి తగులుకుని రెండూ పక్కకి లాగుతాయి, ఒక్కటే ఎంచుకోండి.