బ్యాటరీ కొనేముందు మీటరు పెట్టి చూడు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

మారుతి 800 వారానికి రెండుసార్లు మొరాయిస్తోందనీ, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చేత తోయించుకోవాల్సి వస్తోందనీ రాశావు. కొత్త బ్యాటరీ వేయించేయమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఛార్జింగ్ సరిగ్గా లేని బండిలో కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకే పాతదానిలాగే పడుకుంటుంది. ముందు మీ బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకెళ్లి, వోల్టులూ కరెంటూ కొలిచే డిజిటల్ మల్టీమీటరు ఒకటి తెచ్చుకో. 10 ఆంపియర్ల డీసీ కరెంటు కొలిచే రంధ్రం ఉన్నదే అడుగు, దానితో పని పడుతుంది.

రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే, తాళం తిప్పకముందే, మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ ఆనించు. 12.6 చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12కి దిగితే దాదాపు ఖాళీయే. ఆఫీసు నుంచి రాగానే కొలవకు. అప్పుడు పైపై ఛార్జి ఉండి అంకె ఎక్కువ చూపిస్తుంది. తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని చెప్పి మీటరు చూస్తూ ఉండు. ఛార్జి బాగా ఉండి కూడా సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే, బ్యాటరీయే నీరసించిందని అనుమానించవచ్చు.

ఇక ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టుకున్నప్పుడు అవే టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.5 దాకా రావాలి. తర్వాత హెడ్‌లైట్లు హై బీమ్‌లో వేసి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి, అద్దం మీద నీళ్లు పోసి వైపర్లు ఆడించి మళ్లీ చూడు. అప్పుడు కూడా 13.5కి అటూఇటూగా నిలబడాలి. 60 వాట్ల బల్బులు రెండంటేనే 120 వాట్లు, అంటే సుమారు 10 ఆంపియర్లు. సాయంత్రం వానలో సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ వేసుకుని నిలబడితే, ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఆ లోటంతా బ్యాటరీయే పూడ్చాలి. రోజూ అదే దారి అయితే మంచి బ్యాటరీ కూడా కొంచెం కొంచెంగా దిగుతుంది. అది ఆల్టర్నేటర్ లోపం కాదు.

మీటరు 15 దాటితే మాత్రం, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. బ్యాటరీలో నీళ్లు త్వరత్వరగా తగ్గడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం, బల్బులు మాటిమాటికీ పోవడం దాని గుర్తులు. అలా ఉంటే బండి బయటికి తీయకు.

వోల్టేజీ తక్కువగా ఉంటే చాలామంది వెంటనే ఆల్టర్నేటర్ విప్పిస్తారు. ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. తాళం ఆన్ చేయగానే డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలగాలి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ చిన్న బల్బు పోయిందేమో చూడు. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్‌కు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. తర్వాత బెల్టు. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 8, 10 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. లోపలి అంచులు గాజులా మెరుస్తుంటే ఎంత బిగించినా జారుతుంది, మార్చేయి.

బెల్టు బాగుంటే వైర్లకు రా. ఇది శ్రద్ధగా చెయ్యి, పాత బండ్లలో దొంగ ఎక్కువగా ఇక్కడే దాక్కుంటాడు. ఇంజిన్ నడుస్తూ, లైట్లూ బ్లోయరూ వేసి ఉండగా, మీటరును 2 వోల్టుల దగ్గర పెట్టు. మీటరు పుల్ల ఒకటి ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ గూటం మీద పెట్టు. కేబుల్ క్లాంపు మీద కాదు, బ్యాటరీ నుంచి పైకి వచ్చిన సీసపు గూటం మీదే. 0.3 దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులో ఉంది. అలాగే ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్ గూటానికీ మధ్య 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ పట్టీ, అంటే బ్యాటరీ మైనస్‌ను బండి ఒంటికీ ఇంజిన్‌కూ కలిపే రాగి పట్టీ, చూడు. పైకి బాగానే కనిపిస్తుంది గానీ, చివర బోల్టు పట్టే లగ్గు దగ్గర వంచి చూస్తే రాగి పోగులు నల్లబడి, పొడిపొడిగా రాలుతుంటాయి. అది కొత్తది వేసి, బోల్టు కింద పెయింటు, తుప్పు గీకేసి బిగించు. టెర్మినళ్ల మీది తెల్లటి, పచ్చటి పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక వ్యాసలైన్ రాయి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఛార్జి రాకపోతే, అప్పుడు ఆల్టర్నేటర్ విప్పించు. కార్బన్ బ్రష్షులు 5 మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా ఉంటే మార్పించు. ఇంజిన్ నడుస్తుండగా మీటరును ఏసీ వోల్టులకు మార్చి బ్యాటరీ మీద పెడితే 0.5 వోల్టు దాటిందంటే, లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ పోయింది. విడి భాగాలకు జేసీ రోడ్డుకు వెళ్లేటప్పుడు పాత ముక్క చేతిలో పట్టుకెళ్లు. పేరు చెబితే ఒకటి ఇస్తారు, ఇంటికొచ్చాక రంధ్రాలు కలవవు.

పగలంతా ఛార్జింగ్ బాగుండి పొద్దున్నకి దిగిపోతుంటే అది వేరే జబ్బు. బండి ఆపి, తలుపులు మూసి, మైనస్ కేబుల్ విప్పి, గూటానికీ కేబుల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల రంధ్రంలో కలుపు. 50 మిల్లీఆంపియర్ల లోపుంటే ఫరవాలేదు. 200 ఉందనుకో, వారంలో దాదాపు 34 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు లెక్క) కారిపోతుంది. నీ చిన్న బ్యాటరీ మొత్తం అంతే కదా. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ అంకె ఎక్కడ పడుతుందో చూడు. బండి కొన్నాక బయట పెట్టించిన స్టీరియో, సెంట్రల్ లాక్ మొదటి అనుమానితులు. మీటరు అలా కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకు, మీటరు కాలిపోతుంది.

ఇంకొక్క మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి "ఆగలేదు కాబట్టి ఛార్జింగ్ ఉంది" అని చూపించే మెకానిక్‌ను చేయి పెట్టనివ్వకు. ఆ క్షణంలో వోల్టేజీ ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ పోవచ్చు.

ఆదివారం పొద్దున మొదలుపెట్టు. ఆగి ఉన్నప్పటి అంకె, సెల్ఫ్ కొట్టినప్పటిది, యాక్సిలరేటర్ తొక్కినప్పటిది, లోడు వేసినప్పటిది, ఈ నాలుగూ కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. ఏ వైపు వెళ్లాలో అవి చూసి చెబుతాను.

మీ బాబాయి