పాత ఇంటి శిథిలాలు నల్లరేగడిని నిలబెడతాయా?

ప్రశ్న: మాది నల్లరేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలు విడుస్తుంది. పాత ఇల్లు కూల్చి కొత్తది కడుతున్నాం. ఆ శిథిలాలను మట్టిలో కలిపితే నేల గట్టిపడుతుందని మేస్త్రి అంటున్నారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా

జవాబు: మేస్త్రి గారి మాటలో నిజం ఉంది, అయితే శిథిలాలను ఉన్నవి ఉన్నట్టు గుంతలో పోసి తొక్కించడం వేరు, పొడి చేసి మట్టిలో కలపడం వేరు. పెద్ద పెళ్లల మధ్య మిగిలే ఖాళీలలోకి వాననీరు దిగి, అడుగున ఉన్న రేగడిని మరింత నానబెడుతుంది.

రేగడి ఉబ్బడానికి మూలం అందులోని మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం. దాని పలుచని పొరల మధ్యకు నీరు చేరి వాటిని ఎడంగా నెడుతుంది. 4.75 మిల్లీమీటర్ల జల్లెడలో దిగేంత సన్నని కాంక్రీటు, ఇటుక పొడిని కలిపితే ఉబ్బే మట్టి పాలు తగ్గుతుంది. ఇటుకల పొడికి కొద్దిగా సున్నం తోడైతే, తడి ఉన్నంతకాలం ఆ రెండూ మెల్లగా కలిసి గట్టిపడతాయి. మన పెద్దలు సున్నంలో సుర్కీ (ఇటుక పొడి) కలిపి గోడలు కట్టింది ఈ గుణాన్ని నమ్ముకునే.

పాత ఇంట్లో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ సీలింగు ఉంటే మాత్రం దాన్ని ముందే ఏరివేయాలి. అందులోని సల్ఫేటు, సున్నంతోనూ బంకమట్టిలోని అల్యూమినాతోనూ కలిసి, నీరు తగిలినప్పుడు ఎట్రింగైట్ అనే స్ఫటికాలుగా మారి నేలను పైకి లేపుతుంది. అంటే ఏ జబ్బుకు మందు వేశామో అదే జబ్బు తిరిగి వస్తుంది.

ఎంత పాలు కలపాలన్నది మీ మట్టిని బట్టి ఉంటుంది. దగ్గరి ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో రెండు మూడు పాళ్లలో కలిపిన నమూనాలకు ఉబ్బు పరీక్షను, నాలుగు రోజులు నానబెట్టి నేల బరువు మోసే సత్తువను కొలిచే సీబీఆర్ పరీక్షను చేయించండి. రోడ్ల పనుల్లో ఈ వ్యర్థాల వాడకానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2017లోనే ఐఆర్‌సీ 121 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఈ మిశ్రమాన్ని ఇంటి ముందు దారికీ, గచ్చు కిందకూ పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి వాడుకోండి. పునాది సంగతి వేరు: తేమ రుతువుకో తీరుగా మారే లోతును దాటి అది దిగాల్సిందే, లేదా అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయాల్సిందే.