వేవిళ్ళ వేళ పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడకు

వరంగల్ నుంచి అమెరికాలోని మిన్నియాపొలిస్‌కు వచ్చి నాలుగు నెలలైన ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఎనిమిదో వారం నడుస్తోంది. అన్నం ఉడికే వాసనకే డోకు వస్తోంది. తాలింపు పెట్టబోతే కడుపులో తిప్పేస్తోంది. నోటికి ఏదీ సయించడం లేదు. డాక్టరు అపాయింట్‌మెంటు ఇంకా రెండు వారాల దూరంలో ఉంది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పవద్దని అత్తగారు గట్టిగా చెప్పారు. ఈ పరిస్థితిలో ఏం తినాలి?

అమ్మా, వయసులో నాకు చెల్లెలివి గనుక నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు అడిగింది తిండి గురించి. నేను మాత్రం ‘ఎవరికీ చెప్పవద్దు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే సరిగ్గా ఆ మాట పట్టుకునే నేను ఆసుపత్రి పాలయ్యాను. కొత్తగా వచ్చిన పిల్లలందరూ ఇన్సూరెన్సు గురించీ బిల్లుల గురించీ అడుగుతారు. అవి కంపెనీ హెచ్.ఆర్. వాళ్ళను అడిగినా, ఇన్సూరెన్సు కార్డు వెనకనున్న నంబరుకు ఫోన్ చేసినా తెలుస్తాయి. ఏ వెబ్‌సైటులోనూ దొరకని సంగతి నేను చెబుతాను.

నేను ఏలూరు నుంచి 2011 సెప్టెంబరులో మిన్నియాపొలిస్ శివార్లలోని ఈడెన్ ప్రెయిరీకి వచ్చాను. 2012 జనవరిలో నెల తప్పిందని తెలిసింది. మిన్నెసోటాలో జనవరి అంటే ఎలా ఉంటుందో ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. కిటికీ తీయడమన్న మాటే ఉండదు. మా అపార్ట్‌మెంటులో పొయ్యి మీదున్న ఫ్యాను పొగను బయటికి పంపేది కాదు, పీల్చుకున్న గాలినే మళ్ళీ గదిలోకి వదిలేది. ఉదయం పెట్టిన ఇంగువ తాలింపు వాసన రాత్రి పడకగదిలో కార్పెట్టుకూ దుప్పట్లకూ పట్టుకుని ఉండేది. అయినా రోజూ ఒక కూర, ఒక పప్పు, చారు వండేదాన్ని. ఆయన ఆఫీసు నుంచి అలసి వస్తారు, ఇంటి వంట లేకపోతే ఎలా అని నా పట్టుదల. గంటసేపు ముక్కు మూసుకుని వండడం, వండినదాన్ని చూడగానే వాంతి చేసుకోవడం, రెండు బిస్కెట్లు తిని పడుకోవడం, ఇదే నా దినచర్య అయిపోయింది.

పొద్దున్నే పరగడుపున ఐరన్ కలిసిన ప్రినేటల్ విటమిన్, అంటే గర్భిణులు వేసుకునే విటమిన్ మాత్ర, మింగేదాన్ని. బిడ్డకు బలమని చదివాను కాబట్టి, అది వాంతిలో పోయినా మరొకటి వేసుకునేదాన్ని. ఐరన్ వికారాన్ని పెంచుతుందని, మొదటి వారాల్లో అది పడకపోతే డాక్టరును అడిగి ఫోలిక్ యాసిడ్ మాత్రమే వేసుకోవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు ఉండాలంటే ముందు నేను ఎవరికైనా చెప్పి ఉండాలి కదా.

అమ్మకు కూడా నిజం చెప్పలేదు. ఇక్కడ చలికాలంలో ఇండియా పదకొండున్నర గంటలు ముందుంటుంది. నేను రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తే అమ్మకు ఉదయం ఎనిమిది. ‘ఏం తిన్నావే’ అని అడిగితే, వండినవన్నీ తిన్నట్టు వరసగా చెప్పేదాన్ని. అబద్ధం కాదు, వండడం అయితే వండాను. ఫోన్ పెట్టేశాక ఆ నిశ్శబ్దంలో కూర్చుని ఏడ్చేదాన్ని. కడుపులో తిప్పడం కన్నా ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి తాగిన మంచినీళ్ళు కూడా నిలవలేదు. ఆయన డాక్టరుకు ఫోన్ చేద్దామన్నారు. అపాయింట్‌మెంటు పదో వారంలో ఉంది, అప్పటిదాకా వాళ్ళు చూడరని నేనే ఆపాను. మర్నాడు స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడిపోయాను. ఆసుపత్రిలో రెండు లీటర్ల సెలైను ఎక్కించారు. మూత్రంలో కీటోన్లు ఉన్నాయన్నారు, అంటే తిండి లేక ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటోందన్నమాట. 54 కిలోలున్న నేను 50కి దిగిపోయాను. నర్సు నన్ను అడిగిన మొదటి మాట, ‘ముందే ఎందుకు ఫోన్ చేయలేదు?’ మొదటి అపాయింట్‌మెంటు ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఇవ్వడం ఇక్కడ మామూలే. అయితే పేరు నమోదు చేసుకున్న రోజు నుంచే క్లినిక్ నర్సుకు ఫోన్ చేసి అడగవచ్చు. చాలాచోట్ల రాత్రిపూట కూడా పలుకుతారు. ఇంగ్లీషులో బాధ చెప్పుకోవడం కష్టమైతే తెలుగు దుబాసీ కావాలని అడుగు, దానికి నీ దగ్గర డబ్బు తీసుకోరు.

ఇప్పుడు ఆ మూడు నెలల మాటకు వద్దాం. వేవిళ్ళు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, పద్నాలుగు, పదహారు వారాలకు చాలామందిలో తగ్గుతాయి. అంటే నోరు విప్పవద్దన్న మూడు నెలలూ, మనిషి తోడు అత్యవసరమైన మూడు నెలలూ ఒకటే. మన ఊళ్ళో ఆ కట్టుబాటు వల్ల నష్టం లేదు. కోడలు అన్నం ముందు ముఖం తిప్పుకుంటే అత్తగారికి చెప్పకుండానే తెలిసిపోతుంది, పక్కింటి పిన్ని చూపులోనే పసిగడుతుంది, మర్నాటి నుంచి పొయ్యి దగ్గర మరొకరు నిలబడతారు. ఇక్కడ నీ ముఖం చూసేవాళ్ళు లేరు. నువ్వు నోటితో చెబితేనే తెలుస్తుంది. అత్తగారి మీద గౌరవం ఉంచుకునే, ఈ ఊళ్ళో ఒక్క ఆడమనిషికి చెప్పు. నలుగురికీ అక్కరలేదు, ఒక్కరు చాలు.

నా విషయంలో ఆ ఒక్కరినీ వెతికింది మావారే. మా కింది వాటాలో కూతురి దగ్గరకు వచ్చిన రాజమండ్రి పెద్దావిడ ఉండేవారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఆవిడ ఒక గిన్నె తెచ్చారు. తాలింపు లేని, బాగా చల్లారిన పెరుగన్నం, అంచున కాస్త నిమ్మకాయ ఊరగాయ. ఐదు వారాల తరువాత నేను కడుపులో నిలుపుకున్న మొదటి ముద్ద అది. దాని కారణం తరువాత అర్థమైంది. వేడి పదార్థం నుంచి వాసన ఎక్కువగా లేస్తుంది, చల్లటిదాని నుంచి తక్కువ. అంతకన్నా ముఖ్యంగా, నేను వండినదైతే తినే వేళకు గంటసేపు దాని వాసన పీల్చి ఉంటాను. ఎవరో వండి తెచ్చినదానితో ఆ బాధ లేదు. పుట్టింట్లో అన్నం సయించడానికి సగం కారణం అమ్మ చేతి రుచి అయితే, మిగతా సగం ఆ పొయ్యి దగ్గర మనం నిలబడకపోవడం. అందుకే నీ తిండి సమస్యకూ నీ ఒంటరితనానికీ మందు ఒక్కటే అంటున్నాను.

తినే పద్ధతి కూడా ఆవిడే నేర్పారు. మంచం పక్కన డబ్బాలో మరమరాలో వేయించిన అటుకులో పెట్టుకుని, లేవకముందే గుప్పెడు తిని, పావుగంట ఆగి లేవాలి. కడుపు పూర్తిగా ఖాళీ కానివ్వకుండా రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా తినాలి. నీళ్ళు అన్నంతో కలిపి తాగకుండా మధ్యమధ్యలో గుటకలుగా తాగాలి. నీళ్ళు పడకపోతే పలుచటి మజ్జిగ, ఉప్పు వేసిన గంజి, నిమ్మరసం. అల్లం టీ కొందరికి బాగా పనిచేస్తుంది, నాకు కొంత పనిచేసింది. పుల్లటివి తినాలనిపిస్తే తిను. ఈ కొద్ది వారాలూ బలమైన ఆహారం కన్నా నిలిచే ఆహారమే గొప్పది. ఒక్క సంగతి మాత్రం దాచవద్దు. మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపిస్తే అది ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు, డాక్టరుతో చెప్పు. మట్టిలో సీసం ఉండే ప్రమాదం ఉంది.

మందులంటే నేనూ భయపడ్డాను. వేవిళ్ళకు ఇక్కడి డాక్టర్లు మొదట ఇచ్చేవి విటమిన్ బి6, డాక్సిలమిన్. ఈ రెండూ కలిసిన మాత్ర అమెరికాలో దావాల గొడవలతో 1983లో మార్కెట్టు నుంచి వెళ్ళిపోయి, భద్రతకు తగిన ఆధారాలున్నందున 2013లో మరో పేరుతో మళ్ళీ అనుమతి పొందింది. నా వంతు వచ్చినప్పటికి అది లేదు కాబట్టి రెండింటినీ విడివిడిగా వేసుకోమన్నారు. డాక్సిలమిన్ ఇక్కడ నిద్రమాత్రగా దొరుకుతుంది. మావారు హడావిడిలో అదే బ్రాండు పేరుతో అమ్మే మరో రకం నిద్రమాత్రలు తెచ్చారు. అందులో ఉన్నది డాక్సిలమిన్ కాదు, డైఫెన్‌హైడ్రమిన్. డబ్బా మీద పేరు కాదు, లోపలి మందు పేరు చదవాలని ఆ రోజు నేర్చుకున్నాం. మోతాదు డాక్టరే చెప్పాలి. మత్తుగా ఉంటుంది, వేసుకున్నాక కారు నడపవద్దు.

‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, మనసు గట్టిచేసుకో’ అని ఎవరైనా అంటే బాధపడకు. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, బిడ్డ వైపు నుంచి తల్లి రక్తంలోకి చేరే జీడీఎఫ్15 అనే హార్మోనుకూ ఈ వికారానికీ సంబంధం ఉంది; గర్భానికి ముందు ఆ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీలకు బాధ ఎక్కువ. ఇది నీ మనోబలానికి సంబంధించిన విషయం కాదు.

ఇరవై నాలుగు గంటలపాటు ఏదీ నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఎనిమిది గంటలు రాకపోయినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, వాంతిలో రక్తం కనిపించినా, జ్వరమో కడుపునొప్పో తోడైనా, అపాయింట్‌మెంటు కోసం ఆగకు. గర్భానికి ముందున్న బరువులో ఐదు శాతం తగ్గడం పెద్ద హెచ్చరిక. 54 కిలోల మనిషికి అది మూడు కిలోలకన్నా తక్కువే. వారానికోసారి బరువు చూసి రాసుకో. మనసు బాగా కుంగితే, గర్భిణుల కోసం 2022లో మొదలైన జాతీయ హాట్‌లైను రాత్రింబవళ్ళూ ఉచితంగా పలుకుతుంది.

నాకు పదహారో వారంలో మళ్ళీ ఆకలి తెలిసింది. ఐదో నెలలో రాజమండ్రి పిన్నిగారు తన ప్రయాణానికి నాలుగు రోజుల ముందు బియ్యం దంచి చలిమిడి చేసి, నా ఒడిలో పెట్టారు. మా అమ్మ చేయవలసిన పని అది. సెప్టెంబరులో పాప పుట్టింది, ఆరోగ్యంగా ఉంది, ఇప్పుడు నాకన్నా పొడుగైంది.

ఇక ఈ రాత్రి చేయవలసిన పని చెబుతాను. మీ ఆయనను తన అన్నం తనే వండుకోమను, కూరలు నెలరోజులపాటు బయటి నుంచి తెచ్చుకోమను. నేను అడగడానికి ఐదు వారాలు ఆలస్యం చేశాను, అడిగాక ఆయన ఒక్క మాట అనలేదు. తరువాత అమ్మకు ఫోన్ చేసి, ఏం తిన్నావని అడిగితే ఏమీ తినలేదని చెప్పు. శనివారం మేపుల్ గ్రోవ్ గుడికి రాగలిగితే నాకు ముందుగా ఒక మాట రాయి. తాలింపు లేని పెరుగన్నం నేను తెస్తాను.