ఫోన్ లేకుండా ముద్ద దిగని బుజ్జిగాడి సంగతి

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. బుజ్జిగాడికి మూడున్నరేళ్లొచ్చినా ఫోన్ లేందే ముద్ద దిగట్లేదని, లాక్కుంటే నేలమీద పడి దొర్లుతున్నాడని, రేపట్నించి మొత్తం మానిపించేస్తానని రాశావు. ఆ ఒక్కపని మాత్రం చెయ్యకు. ఒక్కసారిగా ఆపేస్తే నాలుగోరోజుకి వాడి ఏడుపు భరించలేక ఇంట్లో ఎవరో ఒకరు ఇచ్చేస్తారు. అరగంట ఏడిస్తే ఫోన్ వస్తుందని వాడికి లెక్క తెలిసిపోతుంది. ఇక ఆపైన అరగంటకి తక్కువ ఏడవడు.

ముందు ఓ మూడు రోజులు ఏమీ మార్చకు. ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఫోన్ ఎవరిచ్చారు, ఏ టైముకి, ఎంతసేపు, ఎందుకిచ్చారు అన్నవి రాస్తూ ఉండండి. ఆ 'ఎందుకు' గడి మాత్రం ఖాళీగా వదలొద్దు. వంట ఉందని, ఆఫీసు కాల్ వచ్చిందని, అన్నం పెట్టాలని, నిద్రపుచ్చాలని... ఎప్పుడు చూసినా పెద్దవాళ్ల పనొకటి ఆ ఫోన్ చేసిపెడుతూ ఉంటుంది. దానికి వేరే ఏర్పాటు చూసుకోకుండా ఫోన్ దాచేస్తే రెండ్రోజుల్లో మళ్లీ బయటికొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకి ఫోన్, టీవీ అన్నీ కలిపి రోజుకి గంట దాటకూడదు. ఇంకా తగ్గితే మరీ మంచిది. రోజులో మూడు గంటలు ఒళ్లు కదిలే ఆటలుండాలని, 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలని కూడా అందులోనే ఉంది. అందరూ ఆ గంట సంగతి పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తారు. దూరాన ఉన్న అమ్మమ్మ, తాతయ్యలతో వీడియో కాల్ మాట్లాడిస్తే అది ఆ గంటలో కలపక్కర్లేదు.

మొదటి వారం చూసే టైము తగ్గించొద్దు, చూసే చోటు మార్చు చాలు. చేతిలో ఫోన్ తీసేసి అంతా హాల్లో టీవీ మీదకి తీసుకురా. టీవీని మంచం మీదకీ, బాత్రూం దాకా మోసుకెళ్లలేడు, ఏం చూస్తున్నాడో మీకూ కనపడుతుంది. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపెయ్. అది ఉన్నన్నాళ్లూ వాడికి 'అయిపోయింది' అన్నదే ఎదురు కాదు. షార్ట్స్ అసలే వద్దు. పది నిమిషాల కథలు రెండో మూడో నువ్వే ముందు ఎంచి పెట్టుకో. 'ఇంకో అయిదు నిమిషాలు' అంటే వాడికేం అర్థమవుతుంది? 'ఇంకొక్క కథ, తర్వాత కట్టేద్దాం' అను. కథ మధ్యలో ఆపకు. అది అయ్యాక రిమోట్ వాడి చేతికే ఇచ్చి నొక్కించు. ఆ క్షణానికి తర్వాతి పని సిద్ధంగా ఉండాలి: చెప్పులేసుకుని కిందికి వెళ్లడమో, మొక్కలకి నీళ్లు పొయ్యడమో. టీవీ కట్టేశాక ఏం చేద్దామా అని నువ్వు ఆలోచిస్తూ నిలబడ్డావా, పేచీ మొదలైనట్టే.

రెండో వారంలో భోజనం పట్టుకో. అన్నిట్లోకీ కష్టమైనది ఇదే. ఫోన్ చూస్తూ తినేవాడికి ఆకలి, కడుపు నిండటం రెండూ తెలీవు. నోరు తెరుస్తాడు, ముద్ద దవడలో పెట్టుకుని కూర్చుంటాడు. కాబట్టి ముందు వాడికి ఆకలి వెయ్యనివ్వు. అన్నానికి రెండు గంటల ముందు నుంచి బిస్కెట్లు, పాలు, పళ్లరసాలు ఏవీ వద్దు. పాలు రోజు మొత్తానికి అర లీటరు దాటనివ్వకు. తిండి తినట్లేదని దిగులుపడే తల్లులు చాలామంది తెలీకుండా పాలతోనే పొట్ట నింపేస్తుంటారు.

మీరు తినేటప్పుడే వాణ్ణీ కూర్చోబెట్టు. కంచంలో వాడి పిడికిలంత పప్పన్నం, పక్కన నెయ్యి వేసిన రెండు చిన్న ముద్దలు, నంచుకోడానికి వాడికిష్టమైనదొకటి పెట్టు చాలు. వాడి చేత్తోనే తిననీ. కింద పోస్తాడు, పాత దుప్పటి పరిచి ఉంచుకో. కంచం పట్టుకుని ఇల్లంతా వాడి వెనకాల తిరగొద్దు. అరగంట చూసి, తిన్నా తినకపోయినా మాట్లాడకుండా కంచం తీసెయ్. అలిగి లేచిపోయాడు కదా అని పది నిమిషాలాగి బిస్కెట్లు ఇచ్చావో, అక్కడితో అంతా పోతుంది. మళ్లీ తినే వేళ దాకా మంచినీళ్లే. మొదటి నాలుగైదు రోజులు తక్కువే తింటాడు, ఆ తర్వాత ఆకలి దారిలో పడుతుంది. ఇప్పటికే బరువు తక్కువున్నా, ఈ మధ్య జబ్బుపడి లేచినా మాత్రం పిల్లల డాక్టర్ని అడిగాకే ఇది మొదలుపెట్టు.

'మొత్తం తింటే ఫోన్ ఇస్తా' అని బేరం పెట్టకు. అన్నం శిక్ష, ఫోన్ బహుమతి అయిపోతాయి.

ఏడ్చేటప్పుడు పక్కనే కూర్చో. 'అయిపోయింది నాన్నా, మళ్లీ రేపు సాయంత్రం' అని ఒక్కసారి చెప్పి ఊరుకో. కళ్లు పాడవుతాయి, మెదడు పాడవుతుంది అని ఉపన్యాసాలు వద్దు. మానిపించిన మొదటి రోజుల్లో గోల తగ్గదు సరికదా, పెరుగుతుంది. పాత మంత్రం పనిచెయ్యకపోతే ఇంకాస్త గట్టిగా వేస్తాడన్నమాట. అది చూసి బెదరొద్దు.

వంట టైముకి వాడికి పని చెప్పు. కరివేపాకు దూయడం, చిక్కుడుకాయలు తుంచడం, ఉతికిన బట్టల్లో సాక్సులకి జతలు కలపడం లాంటివన్నీ చేస్తాడు, నెమ్మదిగా చేస్తాడు. బేసిన్‌లో రెండంగుళాల నీళ్లు పోసి గ్లాసు, గరాటు ఇస్తే చాలాసేపు ఆడతాడు. నీ కళ్ల ముందే ఉండాలి, ఆటయ్యాక నీళ్లు పారబొయ్యాలి. నిండు బకెట్ దగ్గర వదలకు. పిండి బొమ్మలకి రెండు గ్లాసుల గోధుమపిండి, అర గ్లాసు ఉప్పు, చెంచా నూనె, చిటికెడు పసుపు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలుపు. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్నాళ్లు వస్తుంది. ఉప్పెక్కువ కాబట్టి తిననివ్వకు. బొమ్మలన్నీ ఒకేసారి ముందు పొయ్యొద్దు. సగం అటక మీద పెట్టి వారానికోసారి మార్చు.

మీ అత్తగారి సీరియల్స్ సంగతి నువ్వు ఎత్తకు, మీ ఆయన చేత చెప్పించు. ఆవిణ్ణి మానెయ్యమనడం కూడా న్యాయం కాదు. ఆ టైముకి తాతగారు వాణ్ణి పార్కుకో గుడికో తీసుకెళ్తే సరిపోతుంది. మీ ఇద్దరూ ఇంటికి రాగానే ఫోన్లు హాల్లో ఛార్జింగ్ దగ్గర పెట్టెయ్యండి. వాడి ముందు తియ్యాల్సొస్తే 'కరెంటు బిల్లు కడుతున్నా' అని పైకి చెప్పి, ఆ పని చేసి పెట్టెయ్యండి. లాక్ నంబర్ కూడా మార్చు, వాడికి ఈపాటికి వచ్చేసి ఉంటుంది. పడుకోబోయే ముందు గంటసేపు ఏ తెరా వద్దు.

ప్రయాణాల్లో, జ్వరం వచ్చినప్పుడు కాస్త ఎక్కువ చూస్తే చూడనీ. మర్నాటి నుంచి మళ్లీ మామూలు లెక్క.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావాల్సింది వేలుతో చూపించకపోయినా, చిన్న చిన్న వాక్యాలైనా మాట్లాడకపోయినా 'ఫోన్ వల్లేలే, మానితే అదే వస్తుంది' అని ఆగొద్దు. చెవి పరీక్ష, ఎదుగుదల పరీక్ష చేయించు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల చూసే డీఈఐసీ కేంద్రాలు జిల్లా స్థాయిలో ఉంటాయి, అక్కడైనా చూపించొచ్చు.

కాగితం నిండాక ఫొటో తీసి పంపు. సాయంత్రం వంటప్పుడు నీకు తోడెవరూ ఉండరని తెలుసు. వాడి గంట టీవీ ఆ వేళకే పెట్టుకో, అందులో తప్పేం లేదు. మిగతా రోజులో మాత్రం ఇంకెవరూ పెట్టకుండా చూసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ